ఒక్క కోతలో రెండు బాసికాలు

2024 వానాకాలం. యాంగూన్‌లో, అదే పాత రంగూన్‌లో, సేక్కాన్ రేవు వైపు దిగే ఒక వీధిలో, కింది అంతస్తులో నా దుకాణం. మా తాత ఆ రేవులోనే బస్తాలు మోశాడు. నేను ప్రింటర్లు బాగుచేయడం నేర్చుకుని, మెల్లగా కటింగ్ మెషిన్లు అమ్మడం మొదలుపెట్టాను. కటింగ్ మెషిన్ చూడడానికి ప్రింటర్‌లాగే ఉంటుంది. లోపల సిరాకు బదులు గోరంత బ్లేడ్ ఉంటుంది. మనం ఇచ్చిన బొమ్మ అంచు వెంబడి కాగితాన్నో స్టిక్కర్‌నో కోసిపెడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్టిక్కర్లు చేసేవాళ్లు, కేకు డబ్బాలు చేసేవాళ్లు. అందరూ కంప్యూటర్ తెలిసినవాళ్లే. వాళ్ల మధ్య ఉండి ఉండి నాకూ కాస్త పొగరు వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే నది అవతలి తన్లిన్ నుంచి బస్సులో పైడమ్మ పిన్ని వచ్చింది. వరసకు పిన్ని కాదు, మా తెలుగు ఇళ్లలో ఆ వయసు ఆవిడను అలాగే పిలుస్తాం. పెద్దావిడలను గౌరవంగా పిలిచే బర్మా తీరులో, అక్కడివాళ్లకు ఆవిడ దో పైడమ్మ. మావాళ్లలో పెళ్లి జరిగితే వధూవరుల నుదుట కట్టే బాసికాలు ముప్పై ఏళ్లుగా ఆవిడ చేతివే. బంగారు రంగు అట్టను కత్తిరించి, దాని మీద పూసలూ జరీ అంటించి చేస్తుంది. నా పెళ్లికి కూడా ఆవిడే చేసింది.

చంకలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాను బల్ల మీద పెట్టి, కుడి చెయ్యి నా ముందు చాపింది. వేళ్లు వణుకుతున్నాయి. డాక్టర్లకు చూపించుకుందట, మందులు వాడిందట, తగ్గలేదట.

"కత్తెర నిలబడ్డం లేదు బాబూ. రెండు నెల్లలో మా మనవరాలి పెళ్లి. ఊరందరికీ సేసి, దానికి బజార్లో కొన్నయి కట్టమంటావేటి?"

నేను సగమే విన్నాను. అప్పుడు దుకాణంలో రెండు రకాల మెషిన్లున్నాయి. ఒకటి కంప్యూటర్‌కు తగిలిస్తేనే నడుస్తుంది. రెండోదానికి సొంత స్క్రీన్, సొంత స్కానర్ ఉన్నాయి, కంప్యూటర్ అక్కర్లేదు. మొదటిదానికి ఇంటర్నెట్‌లో వేల డిజైన్లు దొరుకుతాయని, అందరూ అదే కొంటున్నారని చెప్పి దాన్నే అంటగట్టబోయాను. తనకు ఫోన్లో మాట్లాడడం తప్ప ఏమీ రాదని, ముందు కంప్యూటర్ నేర్చుకోవాలా అని ఆవిడ అడిగింది. ఆ మనవరాలు లక్ష్మికి లాప్‌టాప్ ఉంది కదా, వారంలో వచ్చేస్తుందిలే అన్నాను. వాడి చూడమని ఒక మెషిన్ ఇచ్చి పంపించాను.

ఆ వారం ఆవిడ పడ్డ పాట్లు తర్వాత లక్ష్మి చెబితే తెలిశాయి. డిజైన్ తెరవాలంటే ముందు అకౌంట్, దానికో పాస్‌వర్డ్. కరెంటు ఉన్నప్పుడు నెట్ ఉండదు, నెట్ ఉన్నప్పుడు కరెంటు ఉండదు. లక్ష్మి పొద్దున పనికి వెళ్తే సాయంత్రానికి గాని రాదు. అంతవరకూ పిన్ని ఒక్కతే కూర్చుని, మౌస్‌ను రెండు చేతులతో పట్టుకుని బల్ల గుడ్డ మీద అటూ ఇటూ తోస్తూ సాధన చేసేదట. ఎలాగో ఒక పువ్వు బొమ్మ దాకా వచ్చింది. అప్పుడు ఎప్పుడూ చేసినట్టే అట్టను నాలుగు మడతలు పెట్టి కటింగ్ మ్యాట్ మీద పెట్టింది. కటింగ్ మ్యాట్ అంటే కాగితం కదలకుండా పట్టుకునే జిగురు పలక. అడుగు పొర ఒక్కటే దానికి అతుక్కుంటుంది. బ్లేడ్ పై పొరను కోసి, మిగతావాటిని ఈడ్చి, చింపి, అందులోనే ఇరుక్కుంది.

మెషిన్‌ను పాత లుంగీలో చుట్టుకుని, వానలో వంతెన దాటి తెచ్చింది. "పాడుసేసీసినాను బాబూ," అంది. నేను నవ్వాను. మడత పెట్టి ఎవరైనా పెడతారా పిన్నీ అని, బ్లేడ్ ఎంత లోతు దిగుతుందో పాఠం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నేను నవ్విన ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మెషిన్‌కు ఏమీ కాలేదు, బ్లేడ్ మారిస్తే సరిపోయింది. ఈసారి స్కానర్ ఉన్నదాన్ని ముందుకు జరిపాను. బిస్కెట్ల డబ్బాలో ఏముందని అప్పుడు అడిగాను. చెయ్యి కుదురుగా ఉన్న రోజుల్లో ఆవిడ కోసుకున్న నమూనాలు. అన్నీ సగం సగమే, మడత పెట్టిన అట్ట మీద పెట్టి కోసి విప్పితే రెండో సగం వస్తుంది. ఒకదాన్ని మెషిన్ లోపల పెట్టించి, స్క్రీన్ మీద పెద్ద బొత్తాన్ని ఆవిడ చేతే నొక్కించాను. అది ఆ సగాన్ని చదువుకుంది. మిర్రర్ అనే ఇంకో బొత్తాన్ని నొక్కితే రెండో సగం అద్దంలోలా పక్కన వచ్చి చేరింది. పది నిమిషాల్లో బాసికం తెగింది. ఆవిడ అంచు వెంబడి వేలు నడిపించి చూసుకుని మురిసిపోయింది. పెళ్లికూతురిది కూడా కోయమంది. మళ్లీ నొక్కాను. అది బయటికి వస్తుంటే ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇయ్యి రెండూ ఏరేరుగా తెగినాయి గదా."

"రెండూ ఒకటే పిన్నీ. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"ఒకలాగుంటే సాలా బాబూ? మాయింట్లో పెళ్లికొడుకుదీ ఆపిల్లదీ ఒక్క మడతలోనే కోస్తాం. కత్తెర ఓపాలి ఎల్తే ఇద్దరివీ తెగాలి. మాయమ్మ నాకలగే సేసింది."

మెషిన్ మంచిదేనని, తప్పు దానిది కాదని, బజార్లో కొంటానులే అని డబ్బా మూత పెట్టేసింది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. ఆదివారం దాకా ఆగమని బతిమాలి, డబ్బాను నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇంటికి వెళ్లి మా పెళ్లి బాసికాలు తీయమన్నాను. నా భార్య బీరువాలోంచి తెచ్చి ఇచ్చింది. నాదాంట్లో ఎడమ చివరి రేకు దగ్గర కత్తెర జారిన చిన్న గంటు ఉంది. కుడి చివరా అదే. నా భార్యదాంట్లోనూ అదే చోట, రెండు పక్కలా. మాకోసం కోస్తూ పిన్ని ఒకే ఒక్కసారి చెయ్యి జారింది, అది మా ఇద్దరికీ సమానంగా వచ్చింది. ఇన్నేళ్లూ నేను చూడనే లేదు. నా భార్యకు ముందే తెలుసట. నాకు ఆ క్షణంలో పిన్ని మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఆదివారం పిన్ని లక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికి నాకో దారి దొరికింది. వెల్డ్ అని ఒక సదుపాయం ఉంటుంది, ఒకదాన్నొకటి తాకే రెండు బొమ్మల అంచులను కలిపి ఒకే గీతగా చేస్తుంది. రెండు బాసికాలను పక్కపక్కన పెట్టి, మధ్యలో బియ్యపుగింజంత పట్టీ వేసి వెల్డ్ చేశాను. బొత్తాం నొక్కితే, బొమ్మ లోపలి చిల్లులు ముందు తెగాయి. ఆ తర్వాత బ్లేడ్ పెళ్లికొడుకు వైపు మొదలుపెట్టి, పట్టీ మీదుగా పెళ్లికూతురి వైపు వెళ్లి, చుట్టూ తిరిగి, మొదలైన చోటికే వచ్చింది. పిన్ని మెషిన్ మీదికి వంగి, గాలిలో వేలితో దాని వెంటే తిరిగింది.

"మజ్జిలో ఎత్తనేదు గదా?"

"ఎత్తలేదు పిన్నీ."

లక్ష్మి వైపు తిరిగి, తనకు ఈ మెషినే కావాలని, ఇది పాస్‌వర్డ్ అడగదని చెప్పింది. నేను చిన్న కత్తి తీసి మధ్య పట్టీ తెంపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"అది నాకొగ్గెయ్యి బాబూ. ఒక్క కోత కోయగల్ను."

పెళ్లి తన్లిన్‌లో, గుడి పక్క పందిట్లో జరిగింది. ముహూర్తానికి ముందు పిన్ని తన పాత కత్తెర తీసింది. బాసికాలను లక్ష్మి రెండు చేతులతో పట్టుకుంది. పిన్ని చెయ్యి వణికింది, పట్టీ ఏటవాలుగా తెగింది. ఒకదాని అంచున చిన్న కొస మిగిలింది, రెండోదాని అంచున దానికి సరిపోయే నొక్కు పడింది. పిన్ని వాటిని ఒకసారి దగ్గరికి చేర్చి చూసుకుని, లక్ష్మి నుదుట తనే కట్టింది.

కంప్యూటర్ రానివాళ్లు ఎవరైనా వచ్చి ఏ మెషిన్ కొనాలని అడిగితే, నేనిప్పుడు ముందుగా మెషిన్లు చూపించను. కాగితం, కత్తెర ఇచ్చి, మీరు రోజూ ఎలా కోస్తారో కోసి చూపించమంటాను. కాగితం మడత పెడితే ఎందుకని అడుగుతాను. వాళ్లు చెప్పేదంతా వినేదాకా నవ్వను.