ఎండమావి ఎటు పారుతోంది

సౌదీలోని ఖఫ్జీలో, నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఉండేది. నేను అందులో టైల్స్ పనివాణ్ణి. శుక్రవారాలు మాత్రం నన్ను పికప్‌లో ఎక్కించుకుని ఎడారిలోకి పోయేవాడు. ఆయనకు రైఫిల్ పిచ్చి. ఎక్కడో దూరాన ఇనుప పలక నిలబెట్టించి, చాప మీద బోర్లా పడుకుని కాల్చేవాడు. పక్కన కూర్చుని దుర్బిణిలో ఎండమావి చూసి చెప్పడం నా పని.

పొద్దెక్కాక పలక పలకలా ఉండదు. సాగుతుంది, వణుకుతుంది. దుర్బిణి చూపును పలకకు కాస్త ఇవతలికి తెచ్చుకుంటే ఆ వణుకే కాలువ నీళ్లలా పారుతూ కనిపిస్తుంది, గాలి ఎటు వీస్తే అటు. కుడికి పారితే ‘యమీన్’, ఎడమకైతే ‘యసార్’ అనాలి. ఆయన గురిని దానికి ఎదురుగా కాస్త జరుపుకునేవాడు. గాలి పడిపోతే మాత్రం అది ఎసరులా నిలువునా ఉడుకుతుంది. పలక ఉన్నచోటు కన్నా పైన కనిపించి మోసం చేస్తుంది. అప్పుడు ఆగమనాలి. ఆగడమంటే ఆయనకు గిట్టదు.

సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలన్న నితాఖత్‌తోనే సతమతమవుతుంటే, పైన విదేశీ పనివాళ్ల మీద లెవీ వచ్చిపడింది. మనిషి మనిషికీ కట్టడం తన వల్ల కాదని కఫీల్ ఒక్కొక్కరికే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతున్నాడు. అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, నా అకామా గడువు దగ్గరపడింది. రెన్యూవల్ చేయిస్తాడా అని అడగాలి, నోరు పెగలదు. నా గదిలో ఉండే జగిత్యాల వంటాయన ఉపాయం చెప్పాడు.

“ఉత్తగ అడిగితే కస్సుమంటడు తమ్మీ. గుండు తాకినంక అడుగు. అప్పుడు మనసు మంచిగుంటది.”

ఇక ఆ పలకకు గుండు తగలాలని ఆయన కన్నా నాకే ఆత్రం ఎక్కువైంది.

ఆ శుక్రవారం ఎండమావి ఒకటే ఉడుకుతోంది. ఆయన వేలు ట్రిగ్గర్ మీదికి పోయినప్పుడల్లా “ఆగు బాబా” అన్నాను. విసుక్కున్నాడు, నన్ను తిట్టాడు, అయినా ఆగాడు. చివరికి ఆ ఉడుకు కాస్త వాలి, కుడికి పారడం మొదలైంది.

“యమీన్!”

రైఫిల్ పేలింది. కాసేపటికి ఠంగుమని మోత వచ్చింది.

ఆయన లేచి కూర్చుని నా వీపు చరిచాడు. ఫ్లాస్కులోంచి గాహ్వా కాఫీ తానే వంచి నా చేతికిచ్చాడు. ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది. గొంతు సవరించుకున్నాను.

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు: “ఇలాంటి కళ్లు నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి? వచ్చే నెల నువ్వు వెళ్లిపోయాక ఎవరు చూసి చెబుతారు?”

ఆ బాధ నటన కాదు. ఆ సంగతి నాకు ఇంకా చెప్పలేదన్నది కూడా ఆయనకు గుర్తులేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గాహ్వా చల్లారకముందే తాగేశాను.

ఆయన మళ్లీ బోర్లా పడుకున్నాడు.

“ఎటు?”

దుర్బిణిలోకి చూశాను. గాలి మళ్లింది, ఎడమకు పారుతోంది. కుడికని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది.

“యసార్” అన్నాను.

ఠంగుమంది.