ఎర్ర సిరాతో కొట్టేసిన మాట

ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో తెలుగు పంతులమ్మను. పిల్లల నోటు పుస్తకాల్లో 'బేగా' అని కనిపిస్తే చాలు, ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'త్వరగా' అని రాసేదాన్ని. అది కన్నడం నుంచి వచ్చిన మాట, పరీక్షల్లో పనికిరాదు అని క్లాసులో ఉపన్యాసం కూడా దంచేదాన్ని. నా తెలుగు మీద నాకు అంత పొగరు.

ఆ రోజుల్లోనే రైల్వే స్టేషన్‌లో ఒక కుక్క కనిపించింది. పొడుగాటి కాళ్లు, సన్నటి మూతి, వీపుకు అంటుకుపోయిన పొట్ట. వేటకుక్కల జాతిది, బాగా ఎదిగిన మగకుక్క. మెడలో తెగిన తాడు. గుంతకల్లు వైపు నుంచి వచ్చిన రైల్లోంచి అదే దిగిపోయిందో, ఎవరైనా దించేసి పోయారో పోర్టర్లకూ తెలియదు. రైలు వచ్చినప్పుడల్లా ప్రతి పెట్టె ముందూ ఆగి లోపలికి చూసేది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు నా వల్ల కాలేదు, తాడు పట్టుకుని ఇంటికి తెచ్చాను.

జొన్నరొట్టె, మజ్జిగతో పదిహేను రోజుల్లో తేరుకుంది. నా తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. దానికి రోజూ మైళ్ల కొద్దీ పరుగు కావాలి. నాకున్నవి రెండు అద్దె గదులు, జానెడు వాకిలి. గోడ దూకేది. ఇంటామె ఆరేసుకున్న చీరలు లాక్కుని వీధంతా తిరిగేది. కూర్చోమన్నాను, ఆగమన్నాను, ఇంగ్లీషులో 'సిట్' కూడా అన్నాను. నా మొహం చూసి తోక ఊపేది, అంతే. దీనికి చెవుడు అని తీర్మానించేశాను. గిన్నె చప్పుడైతే మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. ఆ సంగతి ఇంత చదువుకున్న నాకు తట్టలేదు. పాణ్యంలో ఒక వ్యాపారి ముచ్చటపడి తీసుకుపోయి, మాట వినడం లేదని రెండో రోజే వెనక్కి పంపాడు.

ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "ఆదివారం దాకా చూస్తా టీచరమ్మా. అది దాటితే కుక్కల బండోళ్లను పిలుస్తా."

ఆ బండి ఎక్కిన కుక్క ప్రాణాలతో తిరిగి రాదు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

మిగిలింది ఒకే ఆశ. మా నాయనకు అన్న, పెదనాయన, ఆళ్లగడ్డ దగ్గర వేరుశనగ వేశాడు. అడవి పందులు చేను తవ్విపోస్తున్నాయని కుక్క కోసం వెతుకుతున్నాడు. ఆ ఆదివారం చర్చి మానేసి, తవుడు మూటల లారీ డ్రైవరును బతిమాలి, కుక్కను ఒళ్లో పెట్టుకుని పోయాను. సగం నా ఒళ్లో, సగం డ్రైవరు ఒళ్లో.

పెదనాయన దాన్ని ఎగాదిగా చూశాడు. "జాతి మంచిదే. మాట వింటాదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "చెవుడు, పెదనాయనా."

"చెవిటిదాన్ని ఏం జేసుకోవల్ల పాపా? సాయంత్రం ఎంటబెట్టుకొని పో."

అంతలో నా చేతిలో తాడు జారింది. కుక్క చేనుకు అడ్డంపడి, లారీలు పోయే రోడ్డు వైపు దూసుకుపోయింది. "ఆగు! వెనక్కి రా!" అని గొంతు చించుకున్నాను. వింటేగా! చీర ఎగ్గట్టి దాని వెనకే ఉరికాను. పెదనాయనేమో, చెట్టు కింద సద్ది మూట విప్పుకుంటున్న పెద్దమ్మను సాయానికి కేకేశాడు.

"ఏమే, ఏం జేస్తాండావ్ ఆడ? బేగా రా!"

కుక్క నిలబడిపోయింది. చెవులు రిక్కించింది. గిర్రున తిరిగి, పెద్దమ్మ లేచేలోపే వచ్చి ఆయన కాళ్ల దగ్గర నిలుచుంది.

పెదనాయన ఎద్దుల కోసం ఏటా బళ్లారి వైపు పోయి వచ్చే మనిషి. మెల్లగా వంగి, కన్నడంలో "కూత్కో" అన్నాడు. కూర్చుంది. "బా" అని నాలుగడుగులు వేశాడు. లేచి వెంట నడిచింది.

ఆయన పగలబడి నవ్వాడు. "చెవుడు గాదు పాపా, దీనికి నీ తెలుగు రాదు! ఈడనే ఉండనీ."

"ముప్పై ఏండ్లుగా బేగా రా, బేగా రా అని అరుస్తాండాడు," అంది పెద్దమ్మ. "ఆ మాట విన్నది ఇదొకటే."

నేను చేలో కూలబడి నవ్వాను, ఏడ్చాను కూడా. చెప్పలేనంత సిగ్గేసింది. మా ఊళ్లో పుట్టినవాళ్లందరి నోటా ఉన్న ఆ ఒక్క మాట నా నోట్లో మాత్రం లేకుండా చేసుకున్నాను. మర్నాడు పుస్తకాలు దిద్దుతుంటే 'అమ్మ బేగా రమ్మనింది' అని ఒకచోట కనిపించింది. ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను.

నెల తర్వాత మళ్లీ పోయాను. గట్టున నిలబడి, చదువంతా పక్కన పెట్టి, "బేగా!" అని కేక పెట్టాను. చేను ఆ చివర తల లేచింది. కానీ నా వైపు ఉరకలేదు. ముందు పెదనాయన మొహం చూసింది. ఆయన తలూపాక వచ్చింది చూడండి, అదీ పరుగంటే! వచ్చి నన్ను బురదలో పడేసింది.

ఎవరిని అడిగి రావాలో దానికి ఇప్పుడు తెలుసు. ఆ బురద చీరతోనే నంద్యాల బస్సెక్కాను. అదే చీరతో మా ఇంటామె ముందు నుంచి తలెత్తుకుని నడిచి లోపలికి పోయాను.