నల్ల నువ్వుల కళ్ళు

మా కాక చేసిన పని నేను మరిచిపోలేదు, మరిచిపోను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. వయసు మీద పడ్డాక చాలామంది "పోనీలే" అనడం నేర్చుకుంటారు. నాకు ఆ గుణం పుట్టుకతోనే లేదు.

కాక అంటే సొంత బాబాయి కాడు. బాపుకు గాలం వేటలో దోస్తు. ఆదివారం వస్తే ఇద్దరూ వరంగల్ నుంచి సైకిళ్ళ మీద తొర్రూరు రోడ్డులో ఉన్న ఒక చెరువుకు పోయేవాళ్ళు. కట్ట కింద నీళ్ళలోకి పొడుచుకొచ్చిన బండ ఒకటి ఉండేది. అది బాపు కూర్చునే చోటు. ఎవరి చోటు వాళ్ళదే, ఇంకొకరు దాని మీద తుండుగుడ్డ కూడా ఆరేసేవాళ్ళు కాదు. ఆ కట్ట మీద ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. గాలం ఎవనిదో తలకాయ వానిది. నా గాలానికి పడ్డ చేపను నువ్వు లాగి ఒడ్డున పడేసినా సరే, ముక్కలు ఎట్లా పంచుకున్నా సరే, తలకాయ మాత్రం పులుసు పెట్టి గిన్నెలో మా ఇంటికి పంపాల్సిందే. కొర్రమీనును మేము కొర్రమట్ట అంటాం. దాని తలకాయ రుచి తెలిసినవాళ్ళకు ఈ కట్టుబాటు ఎందుకు పుట్టిందో చెప్పనక్కర్లేదు.

డెబ్బైల్లో, నేను ఇంకా బడికి పోయే రోజుల్లో ఒక ఎండాకాలం. బాపు బతికున్న కప్పను గాలానికి గుచ్చి నీళ్ళలో వేసి, గాలం కట్టిన వెదురు బొంగును బండ సందులో దోపి, ఇంకో కప్ప కోసం తుంగలో చెయ్యి పెట్టాడు. అక్కడ కప్ప కోసమే కాచుకున్న పాము ఆ చేతిని కరిచింది. కట్ట మీది వాళ్ళంతా కలిసి బాపును ఎడ్లబండిలో పడుకోబెట్టారు. కాక మాత్రం "మీరు నడువున్రి, నేను సామాను పట్టుకొని ఎనుకనే వస్త" అన్నాడట. బాపు దవాఖాన దాకా కూడా పోలేదు, దారిలోనే ప్రాణం పోయింది. పొద్దుగూకే వేళకు కాక వచ్చి బాపు బొంగు, సంచి, చెప్పులు మా గడప మీద పెట్టి భోరున ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు నేను కళ్ళారా చూశాను.

దినాల నాడు కట్ట మీది ముసలాయన ఒకడు కల్లు తాగిన నోటితో అసలు సంగతి చెప్పేశాడు. బండి రోడ్డెక్కుతుండగానే బాపు బొంగు వంగిందట. కాక చేతి పొడుగు కొర్రమట్టను లాగి, గోనెసంచిలో వేసుకొని, ముందు వాళ్ళింటికి పోయి, ఆ తర్వాత మా ఇంటికి ఏడవడానికి వచ్చాడట. చేప ఆ పూటే కూరైంది. తలకాయతో సహా. చావింటికి చేపల పులుసు ఎట్లా పంపుతారని మీరు అడగొచ్చు. పంపకపోతే ఆ చెరువులోనే విసిరేయరాదా? తిన్నాడు! స్నేహితుడు బండిలో పోతుంటే వాడు ముల్లు ఏరుకొని తిన్నాడు!

అమ్మ ఆ రోజు నుంచి కొర్రమట్ట ముట్టలేదు. నా చేత తన తల మీద ఒట్టు వేయించుకుంది, జన్మలో కప్పను పట్టనని. కప్ప లేకుండా కొర్రమట్ట గాలానికి రాదు. కాకకు ఇది బాగా తెలుసు. బాపు బండ మీద దర్జాగా కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఎనభైలు వచ్చేసరికి నేను హన్మకొండలో ఒక ఫర్నిచర్ దుకాణంలో పాలిష్ పనికి కుదిరాను. సొంత సైకిల్ కొనుక్కున్న మొదటి ఆదివారమే కట్ట మీదికి పోయి నిలబడ్డాను.

"కాకా, అది మా బాపు బండ. దిగు."

"బండ మీద పేరు రాసున్నదారా?" అన్నాడు బీడీ తీయకుండానే. "కొర్రమట్టను పట్టేటోడు ఈడ కూసుంటడు. నువ్వు కప్పనే ముట్టవాయె. మీ అమ్మ కొంగు పట్టుకొని ఇంట్ల కూసో బిడ్డా. ఒక్కటంటే ఒక్కటి పట్టు, ఆ పొద్దే దిగుత."

కట్టంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. ఇంటికి వచ్చేదాకా పళ్ళు కొరుక్కుంటూనే సైకిల్ తొక్కాను.

ఒట్టు కప్ప మీదే కానీ కప్ప బొమ్మ మీద కాదు కదా! దుకాణంలో మిగిలిన రెండు టేకు చెక్కల్లో కప్ప పైసగం ఒకదాంట్లో, కింది సగం ఇంకోదాంట్లో అచ్చుగా తొలిచాను. మేస్త్రీలు నీళ్ళ మట్టం చూసే మెత్తటి పైపు పాతది దొరికితే ముక్కలు చేసి, రంగు కోసం తెగిపోయిన ఆకుపచ్చ ప్లాస్టిక్ చెప్పు కలిపి, డబ్బాలో వేసి రంపపు పొట్టు పొయ్యి మీద కరిగించాను. మొదటిసారి మాడి బొగ్గైంది. ఆ కంపుకు సేటు నన్ను బజార్లో నిలబెట్టి తిట్టాడు. ఇంకోసారి సగమే కరిగి గడ్డలు కట్టింది. పొట్టు పొయ్యి సన్నగా కాలాలి, పుల్లతో తిప్పడం ఆపకూడదు, అచ్చుకు కొబ్బరినూనె పూయాలి, కరిగింది పోసి రెండు చెక్కలను కలిపి బిగించి చల్లారేదాకా ముట్టకూడదు. ఇదంతా చేతులు కాలాక తెలిసింది. చివరికి వచ్చిన కప్ప మెత్తగా, జారుగా ఉంది. నీళ్ళ తొట్టిలో వేసి దారం లాగితే వెనక కాళ్ళు తన్నుకున్నాయి.

ఎగురుకుంటూ చెరువుకు పోయాను. ఒక కొర్రమట్ట తామరాకుల కింద నుంచి వచ్చింది, కప్ప దాకా వచ్చి ఆగింది, తోక తిప్పి పోయింది. బండ మీద కాక పొట్ట పట్టుకొని నవ్వాడు. "గుడ్డి కప్పరా అది! కొర్రమట్ట ముందుగాల కండ్లు సూస్తది."

నిజం చెప్పాడు. వాడి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఆ నిజం నాకు ఇంకా మండింది.

గుండీలు కుట్టి చూశాను, తోలుబొమ్మలా అయింది. పూసలు ఊడిపోయాయి. సిగరెట్ పెట్టెలోని బంగారు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, మధ్యలో ఆవగింజ పెడితే అది చేప కన్నయింది కానీ కప్ప కన్ను కాలేదు. కప్ప కంటిపాప అడ్డంగా, కోలగా ఉంటుంది. అప్పుడు పెద్దల అమావాస్యకు, అదే పెత్రమాసకు, అమ్మ తెచ్చిన నల్ల నువ్వుల పొట్లం గుర్తొచ్చింది. బాపు పేరు మీద బియ్యంతో పాటు ఇవ్వగా మిగిలినవి. ఒక గింజను కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి, పైన వార్నిష్ చుక్క వేసి ఆరనిచ్చి, మళ్ళీ చుక్క వేసి, అట్లా ఉబ్బెత్తుగా తేలేదాకా వేశాను. ఆ కళ్ళు అతికించి కప్పను కిటికీలో ఆరబెట్టి స్నానానికి పోయాను.

వచ్చేసరికి వీపు మీద చీపురు దెబ్బ పడింది.

"మీ బాపును మింగింది సాలదారా! నా మీద ఒట్టు తీసి గట్టు మీద పెడ్తివా!" అమ్మ ఏడుస్తూ కొడుతోంది. ఇంకో దెబ్బ కిటికీకి తగిలి కప్ప ఎగిరి ఆమె కాళ్ళ దగ్గర పడింది. దాని వెనక కాళ్ళు వణికాయి. అమ్మ కెవ్వుమంది.

"అమ్మా, ముట్టి సూడు. ప్లాస్టిక్ అది."

ముందు చీపురు కట్టతో పొడిచింది. తర్వాత వేలితో ముట్టింది. చేతిలోకి తీసుకొని దాని కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"ఎవని కోసం చేసినవ్?"

"కాక కోసం."

చీపురు మూలకు పెట్టింది. "కుడి కన్ను జర వంకరున్నది. సక్కగ జెయ్యి" అంది.

ఆ ఆదివారం కాక బండ మీదే ఉన్నాడు. నేను పక్కన మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, పొట్ట కింద గాలం దాచిన కప్పను తామరాకుల మీదికి విసిరాను. "వచ్చిండు బొమ్మలోడు" అన్నాడు కాక. నేను కప్పను ఒక ఆకు మీది నుంచి ఇంకో ఆకు మీదికి దూకించి, సందులో నీళ్ళలోకి జారవిడిచాను. నీళ్ళు పగిలాయి. బొంగు విల్లులా వంగింది. కొర్రమట్ట సరాసరి బండ కిందికి దూరింది, దారం బండ అంచుకు పడి రాసుకుంటోంది, ఇంకొంచెం ఉంటే తెగుతుంది.

అప్పుడు కాక తన బొంగు వదిలేసి, బోర్లా పడుకొని, రెండు చేతులతో నా దారం పట్టి చేపను బండ మీదికి లాగాడు. వాడు కావాలని చేయలేదు. వేటగాడి చేతులు, వాటంతట అవే ముందుకు పోయాయి. చేప బాపు బండ మీద కొట్టుకుంటోంది. కాక దాన్నీ, నన్నూ చూశాడు. మొహంలో నెత్తురు లేదు. దినాల నాడు సంగతి చెప్పిన ఆ ముసలాయనే, "గాలం ఎవనిదో తలకాయ వానిది గదనే" అన్నాడు.

"ఈ తలకాయ సంగతి కాదు కాకా," అన్నాను నేను. "మా బాపు పోయిననాటి తలకాయ ఏది?"

కాక చెప్పులు చేత పట్టుకొని బండ దిగిపోయాడు. నేనెక్కి కూర్చున్నాను. బండ పెనంలా కాలుతోంది. నా కడుపు మాత్రం చల్లబడింది, ఎందుకు దాచాలి!

అమ్మ పులుసు పెట్టింది కానీ తాను తినలేదు. గిన్నె తీసి ముక్క లేకుండా పులుసు మాత్రమే పోసి, నేను గాలం తీసేసిన కప్పను కడిగి అందులో పెట్టింది, కళ్ళు పైకి వచ్చేటట్టు. ముక్క లేని పులుసు పంపడమంటే మాలో మొహం మీద ఉమ్మినట్టే. "పోయి ఇచ్చిరా" అంది. పండక్కి పోయినంత సంబరంగా పోయాను. కాక మూత తీశాడు. పులుసులోంచి కప్ప వాడినే చూసింది. వాడు మూత పెట్టేశాడు.

గిన్నె చాన్నాళ్ళు తిరిగి రాలేదు. "గిన్నెను గూడ మింగిండు" అని అమ్మ రోజూ తిట్టేది. కాక కట్ట అవతలి చివర నా కప్పతోనే గాలం వేస్తున్నాడని వింటున్నాను. సిగ్గులేని జన్మ అనుకున్నాను.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దుగూకుతుండగా కాకే వచ్చాడు. రెండు చేతులతో గిన్నె పట్టుకొని, మూత మీద గుడ్డ కట్టి. ఆనాడు బాపు చెప్పులు పెట్టిన గడప మీదే పెట్టాడు.

"వదినా, మీ కప్పకే పడ్డది" అన్నాడు. మేము లోపలికి రమ్మనలేదు. వాడూ నిలబడలేదు.

అమ్మ మూత తీసింది. కొర్రమట్ట తలకాయ, నిండుగా పులుసులో. పిల్లికి వేస్తుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. అన్ని ఏళ్ళ తర్వాత కొర్రమట్ట నోట పెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఎముక ఎముకా పీల్చి, గిన్నెను వేలితో నాకి, ఖాళీ చేసింది. తర్వాత కొంగుతో మూతి తుడుచుకొని నా వైపు చూసింది.

"ఉప్పు తక్కువేసిండు, ముండాకొడుకు" అంది. లేచి గిన్నె కడగడానికి పోయింది.