సలీం బెడ్ మీది పోస్టర్

షార్జా అల్ నహ్దాలో మా బ్యాచిలర్ రూమ్‌కి ఇవాళ నెల్లూరు నుంచి రఫీ అని కొత్తాయన వచ్చాడు. అతనికి సలీం బెడ్ ఇచ్చాం. మా దగ్గర మంచానికి మొదట పడుకున్నవాడి పేరే ఉండిపోతుంది. దాని పైన గోడకి ఓ బ్రిటిష్ మెటల్ బ్యాండ్ పోస్టర్ ఉంది. అదీ సలీం అంటించిందేనట.

"వీళ్లింకా వాయిస్తున్నారా భయ్యా?" అన్నాడు రఫీ.

"బ్యాండుంది. ఈ ఐదుగురిలో ఒక్కడూ లేడు. ఒకడు ఖలాస్ అని వెళ్లిపోతే ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు. పేరు మాత్రం అదే" అన్నాను, పెద్ద తెలిసినట్టు.

"మరి సలీం భాయ్?"

రూమ్‌లో అతన్ని చూసినవాడు ఒక్కడూ లేడు.

నాది జోసెఫ్ బెడ్. ఇన్నాళ్లూ హాయిగానే నిద్రపోయాను. ఇందాక దుప్పటి దులుపుతుంటే, ఆ జోసెఫ్ ఎవరో నాకూ తెలీదని తట్టింది. మీరెవరి బెడ్ మీద పడుకుంటున్నారో కాస్త చెప్పండి.