సార్ పంపని సవరణ

సార్ దగ్గర చదువుకున్న మిత్రులకు: మన భూగోళం సార్ పోయి పదమూడు రోజులే అయింది. అప్పుడే ఇలా రాయడం బాగుండదని తెలుసు. కానీ ఆయనా నేనూ గీసిన హిమానీనదాల పటాలు వచ్చే నెల మళ్లీ అచ్చుకు వెళుతున్నాయి. వాటిలో ఒక తప్పుంది. అది తెలిసిన ఇద్దరిలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

పటాలు అచ్చువేసే హైదరాబాదు కార్యాలయం నుంచి వనపర్తిలోని మన కాలేజీకి ఉపగ్రహ చిత్రాలు వచ్చేవి. లోపల లైటున్న గాజుబల్ల మీద చిత్రం పరిచి, పైన పల్చటి షీటు వేసి, ఒక్కో హిమానీనదం అంచు గీసి నంబరు వేసేవాళ్లం. పెబ్బేరులో కౌలు చేసే మా నాయన ఒకసారి వచ్చి చూసి నవ్వాడు.

"మనకు సొంత చేనే లేదు సారూ. మా పిల్ల హిమాలయాలకు హద్దులు పెడ్తున్నదా?"

"మంచు జూడనోళ్లమే సక్కగ గీస్తం. మనకు దాని మీద మోజు లేదు గదా," అన్నారు సార్.

ఆయన టీ ఎప్పుడూ గుమ్మం బయటే తాగేవారు. "చాయ్ ఒలికితే లోయంత వరదే బిడ్డా," అనేవారు. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేను. నన్ను ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది ఆయనే.

"తెల్లగున్నదంత గీయకు. కొత్తగ పడ్డ మంచు నాలుగు దినాలల్ల పోతది. కింద పాత ఐసుంటది జూడు, దాన్ని గీయాలె."

అయినా నేను పొరబడ్డాను. ఒక లోయ చిత్రం, కొత్త మంచు పడ్డాక తీసినది. ఆ తెలుపంతా హిమానీనదమే అనుకుని గీశాను. అదే లోయకు ముందటేడు తీసిన చిత్రంతో పోల్చినప్పుడు తప్పు తెలిసింది. సవరణ రాసి సార్ చేతికిచ్చాను.

"పంపిండ్రా సార్?" అని రెండుసార్లు అడిగాను.

"పంపిన బిడ్డా. పరేషాన్ గాకు."

తర్వాత ఆ పటాల పుస్తకం అచ్చయి వచ్చింది. సభలో ఆయనకు శాలువా కప్పారు. నేను చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

మొన్న సార్ ఇంటికి వెళితే మేడం ఒక ఫైలు ఇచ్చారు. "నీ పేరు రాసుంది, తీస్కపో." లోపల నేను రాసిచ్చిన సవరణ కాగితమే ఉంది. పక్కన సార్ పెన్సిల్ రాత: "సరిగ్గా ఉంది." దాన్ని ఆయన ఎక్కడికీ పంపలేదు.

తప్పు నాదే. నన్ను తిట్టి ఉంటే పడేదాన్ని. నాతో అబద్ధం చెబుతారని మాత్రం అనుకోలేదు. రేపు ఎవరో ఈ పటాన్ని కొత్త చిత్రంతో పోల్చి, అక్కడ ఎన్నడూ లేని ఐసు కరిగిపోయిందని రాస్తారు.

సవరణ నేనే పంపాను. హైదరాబాదు కార్యాలయం వాళ్లు ఆధారం అడిగారు. ముందటేడు చిత్రం ఫైలులో లేదు. పనైపోయిన చిత్రాలను సార్ మనకు పుస్తకాలకు అట్టలు వేసుకోమని పంచేవారు. మీలో ఎవరి దగ్గరైనా బూడిదరంగు లోయ, నడుమ సన్నటి తెల్లచార ఉన్న అట్ట ఉంటే, చిరిగినా సరే, ఈ నెల ఇరవయ్యో తేదీలోగా కాలేజీకి నా పేరున పంపండి. బొమ్మ లోపలివైపు ఉండొచ్చు. ఒకసారి అట్ట విప్పి చూడండి.