నాన్న మొహం వెడల్పు

మా నాన్నకు ఫోటో అంటే భయం. వాళ్ల నాన్న స్టూడియోకు పోయి, పూలకుండీ పక్కన కుర్చీ వేసుకుని ఫోటో తీయించుకున్న ఏడాదే పోయాడట. అప్పటి నుంచి మా ఇంట్లో మగవాళ్లు కెమెరా కనిపిస్తే యముడు ఎదురొచ్చినట్టు పక్కకు తప్పుకునేవాళ్లు. పెళ్లి ఫోటోల్లో కూడా నాన్న సరిగ్గా ఆ క్షణానికి తల తిప్పేశాడు. అమ్మ పక్కన ఒక చెవి, కొంచెం తలపాగా, అంతే ఉన్నాయి. ఓటరు కార్డుకు ఫోటోలు తీస్తున్నారని తొండియార్‌పేటలో మా వీధంతా కేకేస్తే, సెలవు రోజని కూడా చూడకుండా జార్జి టౌన్‌లో తాను లెక్కలు రాసే పప్పుల మండీకి బస్సెక్కి పోయాడు. ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఆయుస్సేమీ పెరగలేదు. కడుపులో జబ్బు వచ్చింది. నెలల తరబడి ఆస్పత్రి మంచం మీద ఎండిపోయి, పోయాడు.

పదోనాడు వచ్చినవాళ్లు పూలు వేయడానికి ఫోటో కోసం వెతికారు. ఫోటో ఉండాల్సిన పీట మీద ఆయన కండువా, కళ్లజోడు పెట్టాం. కళ్లజోడుకు దండ వేస్తే ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. చుట్టాల్లో ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. అది నేను చూశాను, అమ్మా చూసింది. అందరూ పోయాక అమ్మ ఒకటే మాట చెప్పింది.

"సంవత్సరీకానికి ఆయన మొహం ఈ గోడ మీద ఉండాల. నువ్వు ఎప్పుడో కంప్యూటర్‌లో గీసింది ఒకటి ఉండాది గదమ్మే, అది తీసుకురా."

ఆ బొమ్మ సంగతి నాకంటే అమ్మకే బాగా గుర్తుంది. నేను చదువుకునే రోజుల్లో, ఓడల్లో పనిచేసే మేనమామ సింగపూర్ నుంచి ఒక కంప్యూటరు తెచ్చాడు. కీబోర్డు పెట్టెలోనే యంత్రమంతా ఉంటుంది, తెరకు బదులు ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి, చేసిన పని టేప్ రికార్డర్లో క్యాసెట్టు మీద దాచుకోవాలి. భోజనం అయ్యాక నాన్న వక్కాకు నములుతూ పడక్కుర్చీలో వాలితే, ఆయన్ని చూస్తూ ఒక్కో చుక్కా పెట్టి మొహం గీశాను. మొదట భయపడ్డాడు. తర్వాత తనే తీర్పు చెప్పుకున్నాడు.

"ఇది ఫోటో కాదులే. చుక్కల ముగ్గు. ముగ్గుకు ఆయుస్సు తగ్గదు." ఆ పైన ధైర్యం వచ్చి, టీవీ దగ్గరికి వంగి తప్పులు పట్టాడు. "ఈడ పుట్టుమచ్చ మరిచిపోయినావే."

గుండ్రటి మొహం నాన్నది. ఒక బుగ్గలో ఎప్పుడూ వక్కాకు ఉండేది గనుక ఆ వైపు ఇంకా గుండ్రం. ఆ బొమ్మను ఆయన హరికథ క్యాసెట్టు చివర్లో ఖాళీ ఉంటే అక్కడే దాచాను. కొన్నేళ్లకు ఆ యంత్రం అటకెక్కింది. నేను జార్జి టౌన్‌లో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో కొత్త రకం కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగంలో చేరాను.

ఇప్పుడు నాన్న ఆ యంత్రంలో ఉన్నాడు, ప్రింటరు ఈ యంత్రానికి ఉంది. రెండూ కంప్యూటర్లేనని పేరు. ఆ క్యాసెట్టు దీనికి అక్కర్లేదు, ఈ ఫ్లాపీ దానికి పట్టదు. ఒకదాని బొమ్మ ఇంకొకదానికి వినిపించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. టీవీలో బొమ్మ తెప్పించి దాన్ని కెమెరాతో ఫోటో తీసేస్తే పోయేది. ఆ మాటే అమ్మతో అన్నాను.

"బతికినన్నాళ్లూ తప్పించుకున్నాడు. పోయినాక పట్టిస్తావా ఆయన్ని?" అంది. ఇక నేను ఆ మాట ఎత్తలేదు.

అటక మీంచి యంత్రాన్ని దించేసరికి సముద్రపు గాలికి దాని మరమేకులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఎన్నూరు కరెంటు ప్లాంటు వైపు నుంచి వచ్చే నల్లటి బొగ్గు దుమ్ము మీటల సందుల్లో పేరుకుపోయింది. క్యాసెట్టు వేస్తే హరికథ మంగళం పాడి, ఆ వెంటనే కీచుమని అరుపు మొదలయ్యేది. ఆ అరుపే నాన్న. సగం దాకా వచ్చి ఆగిపోయేది. టేప్ రికార్డర్లో టేపు మీద ఆనే ముక్కకు చిన్న మర ఉంటుంది. దాన్ని కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, ఆదివారాలన్నీ తగలేసి, చివరికి ఒక మధ్యాహ్నం తెర మీద నాన్నను రప్పించాను. ఏడ్చాను. అమ్మా, రా, చూడు అని పిలిచాను. వంటింట్లోంచి కదల్లేదు.

"ఆర్పితే పోయే మొహాన్ని నాకు చూపించబాక. ఒకసారి పోయింది చాలు. గోడ మీదికి వచ్చినాకనే చూస్తా."

యంత్రానికి బొమ్మ అంటే వట్టి అంకెలు. ఆ అంకెలను తెర మీద వరసగా చూపించేట్టు నాలుగు ముక్కల ప్రోగ్రాం రాశాను. వాటిని కాగితం మీదికి ఎక్కించి, ప్రెస్సులో మళ్లీ టైపు చేయడం తప్ప వేరే దారి లేదు. ప్రెస్సులో పాడైన శుభలేఖలు తెచ్చుకుని వాటి వెనక రాయబోతే అమ్మ మండిపడింది.

"శుభలేఖల మీద పోయిన మనిషిని రాస్తావా?"

"పసుపు ఇంకా పూయలేదు గదమ్మా. పూస్తేనే శుభలేఖ. అంతవరకూ వట్టి అట్టే" అన్నాను. గొణుక్కుంది గాని, నాన్న మొహం తెర మీద లేదని, అంకెలే ఉన్నాయని తెలిశాక తనే వచ్చి పక్కన కూర్చుంది. తాను చదివి చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను. యంత్రం వేడెక్కి ఆగిపోయినప్పుడల్లా విసనకర్రతో దానికి విసిరేది. ఒకసారి చదవడం ఆపి అడిగింది.

"ఇప్పుడు చెప్పింది ఆయన కన్నా, ముక్కా?"

"నాకూ తెలీదమ్మా."

"కన్నే అనుకుంటా" అని మళ్లీ చదవడం మొదలుపెట్టింది.

ప్రెస్సు ఓనరు పెరుగన్నం తినే వేళల్లో ఆ అంకెలన్నీ టైపు చేశాను. మొదటి కాగితం బయటికి వచ్చినప్పుడు ఆయనే తీసి, ఏమిటిదన్నట్టు తిప్పి చూసి, "ఎన్నమ్మా ఇదు, చీరె బార్డరా?" అన్నాడు. నిజమే, చారలు చారలుగా ఉంది. నుదురు ఉండాల్సిన చోట మీసం ముక్క. పాత యంత్రం ఒక చిన్న గడి మొత్తం చుక్కలతో నింపి, తర్వాత పక్క గడికి పోతుంది. కొత్తది బట్ట నేసినట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్కో గీతే పోతుంది. దాని వరసలో దీన్ని చదివితే మనిషి ముక్కలే మిగులుతాడు. ఆ కాగితాన్ని చించేయడానికి కూడా చేతులు రాలేదు, నాన్నే కదా. గడులు విప్పి గీతలుగా సర్దే ప్రోగ్రాం రాయడం తెలిసేసరికి సంవత్సరీకం దగ్గర పడింది.

ఈసారి కాగితం మీద మొహం వచ్చింది. కళ్లు, మీసం, పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. కాకపోతే సన్నగా ఉంది, చెంపలు లోపలికి పోయి, మెడ కొయ్యలా ఉంది. చిన్నతనంలో గీసింది, చెయ్యి తిరగలేదేమో అనుకున్నాను. ముక్కలైన మొహం అతుక్కుందన్న సంతోషంలో నాకు ఇంకేమీ పట్టలేదు.

అమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది.

"ఇట్లనే ఉండె గదమ్మే ఆఖర్న. ఆస్పత్రిలో నేను గెడ్డం గీస్తే ఇట్లనే చూసేవాడు." అప్పటిదాకా చుక్క రాల్చని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆరోగ్యంగా ఉన్న నాన్నను చూసి గీసిన బొమ్మకు ఆస్పత్రి మొహం ఎట్లా వచ్చిందని నాకు గుండెలో కలుక్కుమంది. దాన్ని తేల్చుకోవడానికి అది సమయం కాదు. సంవత్సరీకం నాడు ఫ్రేము కట్టిన ఆ మొహానికే దండ పడింది. వచ్చినవాళ్లంతా అచ్చం ఆయనే అన్నారు. పదోనాడు నవ్వాపుకున్న ఆవిడ కూడా కళ్లొత్తుకుంది.

ఆ కలుక్కు నన్ను వదల్లేదు. మళ్లీ పాత యంత్రం ముందు కూర్చుని, బొమ్మ రప్పించి, టీవీకి స్కేలు ఆనించి కొలిచాను. అప్పుడు అర్థమైంది. రంగులు కావాలంటే ఆ యంత్రం ఒక్కో చుక్కనూ ఎత్తుకు రెట్టింపు వెడల్పున పెడుతుంది. కొత్తదానికి చుక్క అంటే చదరమే. అంకె ఒక్కటే, చుక్క వెడల్పు వేరు. అంకెలతో పాటు ఆ వెడల్పు రాలేదు. దారిలో నాన్న బుగ్గలు రెండూ రాలిపోయాయి. జబ్బు నెలల తరబడి చేసిన పనిని నా ప్రోగ్రాం క్షణంలో చేసింది.

ప్రతి చుక్కనూ పక్కపక్కన రెండుసార్లు వేయించి కొత్త ప్రింటు తీశాను. ఆయనే, మా నాన్న. వక్కాకు బుగ్గ, గుండ్రటి గడ్డం, ముగ్గుకు ఆయుస్సు తగ్గదన్న ధీమా. జార్జి టౌన్ నుంచి బస్సులో నిలబడి, కాగితం నలగకుండా గుండెకు ఆనించుకుని ఇంటికొచ్చాను.

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది.

"పెండ్లైన కొత్తల్లో ఇట్లా ఉండేవాడు" అంది, ఎవరో పరాయివాళ్ల సంగతి చెప్పినట్టు.

"ఇదే అసలు మొహమమ్మా. అది నా తప్పు. దాన్ని తీసి ఇది పెడదాం."

"వద్దులే."

"ఏమ్మా?"

"ఈ మొహాన్ని నేను కడగలా, తుడవలా, సాగనంపలా. నేను సాగనంపింది ఆయన్ని" అని గోడ వైపు చూపించింది. "ఆయన్ని ఆడ నుంచి దించితే మళ్లీ పోయినట్టే గదా."

ఫ్రేములో కాగితం వదులుగా ఉండి గాలికి టపటపమంటోందని, నేను తెచ్చినదాన్ని మడిచి దాని వెనక దన్నుగా పెట్టింది. తర్వాత ఎప్పుడో ఆ పాత యంత్రం వేడెక్కి ఆగిపోయి, అమ్మ విసనకర్రకు కూడా లేవలేదు.

ఆ మడిచిన కాగితాన్ని బయటికి తీయాలని చాలాసార్లు అనుకున్నాను. అమ్మ ఇంట్లో లేని రోజు ఒకసారి ఫ్రేము దించి, వెనక అట్టకు కొట్టిన మేకుల దాకా వచ్చి, మళ్లీ తగిలించేశాను. నాన్న బుగ్గలు ఎట్లా ఉండేవో తలుచుకుందామని కళ్లు మూసుకుంటే, ఇప్పుడు నాకూ గోడ మీది ఆ సన్నటి మొహమే వస్తోంది.