ఒడిబియ్యంతో వచ్చిన కారు పెట్టె

పోయిన వారం ప్రొద్దుటూరు నడిబజారులో మా అమ్మాయి కారు ఆగిపోయింది. షోరూము అబ్బాయి వచ్చి, స్టీరింగు కింద ఏదో తీగ గుచ్చి, చేతిలోని పలక చూసి, బండిలో కంప్యూటరు పెట్టె పోయింది, మార్చాలి అన్నాడు. మర్నాటికల్లా కొత్త పెట్టె బిగించి, తాళంచెవులకు దాన్ని పరిచయం చేసి, స్టార్టు చేసి ఇచ్చేశాడు కూడా. ఒక రోజు వృథా అయిందని మా అమ్మాయి విసుక్కుంటుంటే, వెనక సీట్లో మా ఆయనా నేనూ ఎందుకు నవ్వుకుంటున్నామో ఆ పిల్లకు అర్థం కాలేదు. అలాంటి పెట్టె ఒకటి వాళ్ళ నాన్న ప్రాణం మీదికి తెచ్చిందనీ, ఇంకొక పెట్టెను నేను ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చి ఆ ప్రాణాన్ని విడిపించుకున్నాననీ చెబితే ఈ కాలం పిల్లలు నమ్మరు. మన ఈడు వాళ్ళు నమ్ముతారు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

అవి మన సీమలో కారు కొనబోయేవాడు మైలేజీ కన్నా ముందు తలుపు రేకు మందమెంతని అడిగిన రోజులు. మా ఆయన పులివెందుల వైపు ఒక పల్లెలో పెద్దాయన దగ్గర డ్రైవరు. ఆ పెద్దాయనకూ జమ్మలమడుగు వైపు ఇంకొక పెద్దాయనకూ తండ్రుల నాటి పగ. జెండాలు కూడా వేరు కావడంతో ఎన్నికలొచ్చినప్పుడు ఆ పగకు మైకు దొరికేది. జీపుల కాలం పోయి కంప్యూటరుతో నడిచే తెల్ల బండ్లు కొత్తగా వచ్చినప్పుడు, అవతలివాళ్ళు కొన్నారని మా పెద్దాయన అదే బండి, అదే రంగుది, పట్టుబట్టి తెప్పించాడు. గండి ఆంజనేయస్వామి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన రోజు మా ఆయన నడక చూడాలి, బండిని ఆయనకే మామగారు కట్నంగా పెట్టినట్టు!

ఆ మురిపెం ఎక్కువ కాలం నిలవలేదు. ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం, పెద్దాయన వెనక సీట్లో ఉండగా, తొండూరు దాటాక వంక దగ్గర బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. అదే సమయానికి అవతలి వర్గం జీపు ఒకటి ఎదురుగా వచ్చి, వీళ్ళను చూసి వెనక్కి తిరిగిపోయింది. ఏమీ జరగలేదు. కానీ ఆ రోజుల్లో బండి ఆగిందంటే దానంతటదే ఆగిందని ఎవరూ అనుకునేవారు కాదు, ఎవరో ఆపించారనే అనుకునేవారు. జీపైతే బానెట్టు ఎత్తి కారణం చూపించవచ్చు. ఇక్కడ డీజిలుంది, బ్యాటరీ ఉంది, ఇంజను మాత్రం అందుకోదు. డ్రైవరు అమ్ముడుపోయాడన్నారు. బండిని ట్రాక్టరుతో లాక్కొచ్చి, మా ఆయనను కొట్టంలో కూర్చోబెట్టారు. వేళకు అన్నం పెడుతున్నారు గాని ఇంటికి పంపడం లేదు. అట్లా కూర్చోబెట్టిన మనుషుల్లో కొందరు మళ్ళీ ఇల్లు చేరలేదని ఊరందరికీ తెలుసు.

ప్రొద్దుటూరులో కార్ల కరెంటు పని చేసే మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయాను. వాడు తీగలన్నీ పట్టి చూసి, అక్కా, బావ తప్పేం లేదు, ఈ పెట్టె సచ్చిపోయింది, అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. బామ్మర్ది మాట ఎక్కడైనా సాక్ష్యమవుతుందా? కంపెనీవాళ్ళను అడిగితే కొత్త పెట్టె రావడానికి వారాలు పడుతుందన్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. అచ్చం ఇలాంటి బండిలోని మంచి పెట్టెను, దాని తాళంచెవినీ, ఆ చెవిని గుర్తుపట్టే చిన్న డబ్బీనీ తెచ్చి దీనికి పెట్టాలి. ఇంకేదీ ముట్టుకోకుండా బండి లేస్తే, తప్పు పెట్టెదేనని గుడ్డివాడికైనా తెలుస్తుంది. కాకపోతే అలాంటి బండి ఆ చుట్టుపక్కల ఇంకొకటే ఉంది, అది ఎవరింట్లో ఉందో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

మా తమ్ముడు ఆ ఊరి పొలిమేర తొక్కితే తిరిగి రాడు. నేను పోవచ్చు. ఆడదాని జోలికి పోకూడదన్న కట్టుబాటు ఒక్కటి మాత్రం రెండు వర్గాలూ తప్పక పాటించాయి. పైగా ఆ ఇంటి ఇల్లాలిది రాజుపాలెం దగ్గర మా పుట్టినూరే. వాళ్ళది భూములున్న ఇల్లు, మాది గొర్రెలు మేపుకునే ఇల్లు, అయినా ఒకే ఊరి ఆడబిడ్డలం. చచ్చిన పెట్టె మీదే తమ్ముడు నాకు పాఠం చెప్పాడు: ముందు బ్యాటరీ తీగ విప్పు, తర్వాత ఎడమ సీటు ముందు కాళ్ళ దగ్గర మూత తీయి, వెడల్పాటి ప్లగ్గుకున్న పిడి ఎత్తితే అదే ఊడుతుంది, గుంజొద్దు. గరిటె తప్ప పట్టని చేతికి స్పానరు ఎంత సొగసుగా ఉందో! భయం గొంతు దాకా ఉన్నా, నిజం చెప్పొద్దూ, ఆ భయంలోనే తిరునాళ్ళకు పోతున్నంత హుషారు కూడా ఉండింది. మర్నాడు తొలి బస్సెక్కి, ముద్దనూరులో మారి, జమ్మలమడుగులో దిగి, ఆ పల్లెకు నడిచాను.

వాకిట్లో మనుషులు నన్ను పైనుంచి కిందికి చూశారు గాని ఎవరూ ఆపలేదు. నేను ఆ ఇల్లాలి ముందు కొంగు చాచి, అక్కా, నా పసుపుకుంకాలు నీ బండిలో ఉండాయి అన్నాను. ఆమె నా మాటంతా విని భర్తను పిలిపించింది. ఆయన మీసం దువ్వుతూ, "ఆ డ్రైవర్ని మేం కొనింటే కొన్యామనే చెప్తాం. సాటుమాటు పనులు మాకెందుకు?" అన్నాడు. ఆమె మాత్రం మెత్తగా, "సెయ్యని పనికి ఆ పిల్లోని ఉసురు మనకెందుకప్పా? ఇయ్యి," అంది. ఆ పెట్టె తీస్తే ఆయన బండి కదలదు. ఎన్నికల వేళ ఆ బండే ఆయనకు కోట. వాకిట్లోని బండి వైపు ఒకసారి చూసి, రేపు పొద్దుగూకేలోపల ఇది ఈడుండాల అన్నాడు.

అంతమంది మీసాల మధ్య, పైట నడుముకు దోపి, నేనే విప్పాను. ప్లగ్గు పిడి ఎత్తగానే అది దానంతటదే ఊడి వచ్చినప్పుడు కేక వేయబోయి ఆపుకున్నాను. ఆమె నా ఒళ్ళో బియ్యం పోసి, పసుపు, కుంకుమ, రవికగుడ్డ పెట్టి, వాటి మీద ఆ పెట్టెనూ, డబ్బీనీ, తాళంచెవినీ ఉంచింది. పంపిస్తూ, గొంతు తగ్గించి, "ఆయమ్మ ఎట్లుంటాది?" అని అడిగింది. మా పెద్దాయన భార్యను ఆమె ఎన్నడూ చూడలేదు. నీ మాదిరే ఉంటాదక్కా అన్నాను.

సాయంత్రం మా తమ్ముడు పెట్టె బిగించి, వాళ్ళ తాళంచెవిని డబ్బీకి ఆనించి కట్టి, మా బండి చెవి పెద్దాయన చేతికే ఇచ్చాడు. ఆయన తిప్పాడు. ఆ బండి గర్జించిందండీ! నేను ఎగిరి గంతేశాను, కొట్టంలో మా ఆయన లేచి నిలబడ్డాడు. పెద్దాయన మళ్ళీ పాత పెట్టె పెట్టించి తిప్పి చూశాడు, బండి మూగబోయింది. అంతలో ఆయన మనిషొకడు దగ్గరికొచ్చి, అన్నా, ఈ పొద్దు వాళ్ళ బండి కదల్దు అన్నాడు. దాడి చేయడానికి ఇదే అదనని వాడి ఉద్దేశం. పెద్దాయన పెట్టెకంటిన పసుపును వేలితో తుడిచి చూసుకుని, "ఆడబిడ్డ ఒడిలో వచ్చింది రా ఇది. నోరు మూసుకో," అన్నాడు. పెట్టె తిరిగి చేరేదాకా ఒక్కడు కూడా ఊరు దాటకూడదని గేటుకు తాళం వేయించి, అందరినీ తన వాకిట్లోనే పడుకోమన్నాడు. మా ఆయనను మాత్రం నాతో ఇంటికి పంపాడు.

తెల్లవారాక పెద్దాయన భార్య కూడా నా ఒళ్ళో బియ్యం పోసి, ఇంకొక రవికగుడ్డ పెట్టి, ఆ పెట్టెను వాటి మీద ఉంచింది. నిప్పు కూడా ఇచ్చిపుచ్చుకోని ఇళ్ళు అవి. ఈమె కూడా గడప దగ్గర, "ఆయమ్మ ఎట్లుంటాది?" అని అడిగింది. పొద్దుగూకకముందే జమ్మలమడుగు వాళ్ళ బండి నా చేతి మీదుగానే మళ్ళీ లేచింది. తర్వాత మా పెద్దాయన బండికి కంపెనీ నుంచి కొత్త పెట్టె వచ్చింది. ఇప్పటికీ మా ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తే, పెట్టె పోయిందా, ఇంకొకటి తేనా అని అడుగుతుంటాను.

కాలం మారింది. పార్టీలు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. ఒకసారి ప్రొద్దుటూరులో ఆ ఇద్దరు పెద్దమనుషులు ఒకే రంగు కండువాలతో ఒకే వేదిక మీద చేతులు పట్టుకుని పైకెత్తారు. పగ పోయినందుకు సంతోషించాను. కానీ ఆడవాళ్ళను కూడా ఒకసారి కలుపుదామన్న సంగతి ఎవరికీ తోచలేదు. నేను కనిపించినప్పుడల్లా ఇద్దరూ నన్నే అడిగేవారు.

మొన్న ఎండాకాలం జమ్మలమడుగు అక్క పోయింది. పులివెందుల ఆమె కబురు పెట్టి, ఆమె మీద కప్పమని పసుపురాసిన రవికగుడ్డ ఒకటి నా చేతిలో పెట్టింది. ఈసారి మా అమ్మాయి కారులో పోయాను. రోడ్డు వెడల్పయింది. తొండూరు వంక ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. బండి ఎక్కడా ఆగలేదు, ఎవరూ ఆపలేదు. ఇంత చిన్న దారేనా, ఇన్నేళ్ళు ఆ ఇద్దరమ్మలు రాలేకపోయింది అనుకుంటే, ఆ రవికగుడ్డ ఒళ్ళో పెట్టుకుని దారంతా ఏడుస్తూనే ఉన్నాను.